పాలిష్ కంటే ముందే పెచ్చులు పూడ్చాలా? బానెట్ మీది రాయి దెబ్బలు, టచప్ పెయింట్, ఆ తరువాత కోటింగ్

నీలికారు:
సభ్యులందరికీ నమస్కారం. నా కారు ముదురు నీలం మెటాలిక్ రంగు. నాలుగేళ్ళుగా ఎక్కువ ప్రయాణం రహదారుల మీదే కావడంతో ముందు వెళ్ళే లారీల చక్రాల కింది నుండి ఎగిరివచ్చిన రాళ్ళు తగిలి బానెట్ ముందంచున చాలా చోట్ల రంగు పెచ్చులు లేచిపోయింది. నిన్న శుభ్రంగా కడిగి లెక్కపెట్టాను. బానెట్ మీదే 37 ఉన్నాయి. చాలావరకు ఆవగింజంతవే కాని మూడు మాత్రం కందిగింజంత ఉన్నాయి, వాటిలో రెండింటి అడుగున గోధుమరంగు కనిపిస్తోంది.

వచ్చే నెలలో కారంతటినీ మెషీన్‌తో పాలిష్ చేసి రంగు మీద గట్టి రక్షణ పొరగా నిలిచే సిరామిక్ కోటింగ్ వేయాలని అనుకుంటున్నాను. నాకు తెలిసినవారిలో ఒకరు ముందు పాలిష్ చేసి, మెరుపు వచ్చాక మిగిలిన పెచ్చులకు రంగు పెట్టమంటున్నారు. ఇంకొకరు కోటింగే ఆ గుంటలను నింపేస్తుందని, వేరే రంగు అక్కరలేదని అంటున్నారు. పని మొదలుపెట్టక ముందే సరైన వరుస తెలుసుకోవాలని ఇక్కడ అడుగుతున్నాను.

రంగులపని:
నీలికారు గారూ, పెయింటింగ్ షెడ్డులో చాలా ఏళ్ళు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ముందుగా ఆ రెండో మాట మరచిపోండి. సిరామిక్ కోటింగ్ మందం సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించదు, రాయి తీసిన గుంట దానికి ఎన్నో రెట్లు లోతుగా ఉంటుంది.

ఫ్యాక్టరీ నుండి వచ్చిన కారు మీద ఉక్కు రేకును ఆనుకుని విద్యుత్తుతో పట్టించిన తుప్పు నిరోధక పూత సుమారు 20 మైక్రాన్లు ఉంటుంది. దాని మీద రంగుకు పట్టునిచ్చే ప్రైమర్ 30 నుండి 40, ఆ మీద అసలు రంగునిచ్చే బేస్ కోట్ 15 నుండి 20, అన్నిటికీ పైన రంగులేని పారదర్శక పొర అయిన క్లియర్ కోట్ 35 నుండి 50 మైక్రాన్ల వరకు ఉంటాయి. అన్నీ కలిపినా తల వెంట్రుక మందానికి ఇంచుమించు రెండింతలే. ఈ లెక్క చెప్పడానికి కారణం ఉంది. పెచ్చు ఏ పొర దాకా లేచిందో తెలిస్తేనే దానికి ఏ మందు వేయాలో తెలుస్తుంది. గోరు మెల్లగా తగిలించి చూసినప్పుడు గుంట తెలుస్తున్నా రంగు మారకపోతే క్లియర్ మాత్రమే పోయినట్టు. తెల్లగానో బూడిదరంగులోనో కనిపిస్తే ప్రైమర్ దాకా వెళ్ళినట్టు. వెండిలా మెరిస్తే రేకు బయటపడినట్టు. మీరు చెప్పిన గోధుమరంగు మాత్రం తుప్పు. మిగిలిన 35 సంగతి తరువాత, ఆ రెండింటికి మాత్రం వచ్చే నెల వరకు ఆగకండి. తుప్పు రంగు అంచు కిందుగా పక్కలకు పాకుతుంది కాబట్టి పైకి కందిగింజంత కనిపించేది లోపల ఇంకా పెద్దదై ఉండవచ్చు.

మెరుగు:
నేను కార్ల మెరుగుపని చేస్తాను. వరుస గురించి నా సమాధానం సూటిగా చెబుతాను. ముందు కడగడం, తరువాత క్లే అనే మెత్తని ముద్దతో ఉపరితలం మీద అంటుకున్న తారు, ఇనుప రజను తీయడం, ఆపైన పెచ్చులకు రంగు పెట్టి ఆరనివ్వడం, ఆరాక అవసరమైన చోట చదును చేయడం, అటు తరువాతే పాలిష్, చివరన కోటింగ్. క్లే పనిని రంగు పెట్టకముందే ఎందుకు ముగించమంటున్నానంటే, పచ్చిగా ఉన్న బొట్టు మీద క్లే నడిపితే అది బొట్టును లాక్కుపోతుంది.

పాలిష్ ముందు చేస్తే రెండు చిక్కులు వస్తాయి. పాలిష్ చేయడానికి వాడే కాంపౌండ్ (సన్నని గరుకు రేణువులున్న ముద్ద) పొడి ప్రతి గుంటలోనూ దూరి తెల్లగా గట్టిపడుతుంది, ముదురు రంగు కారు మీద అది నక్షత్రాల్లా కనిపిస్తుంది, ఒక్కొక్కటిగా మెత్తని బ్రష్షుతో కడిగి తీయాలి. అంతకంటే ముఖ్యమైనది, కాంపౌండ్‌లోని నూనెలు ఆ గుంట గోడలకు పట్టుకుంటాయి, వాటి మీద పెట్టిన రంగు సరిగా అంటదు. ఇక చదును చేసేటప్పుడు వాటర్ పేపర్ (నీళ్ళతో తడిపి రుద్దే సన్నని గరుకు కాగితం) వదిలే గీతలను తీయడానికి ఎలాగూ పాలిష్ కావాలి. ముందే పాలిష్ చేసినవారు ఆ పనిని రెండుసార్లు చేయవలసి వస్తుంది, ప్రతిసారీ క్లియర్ కోట్ కొంత తరిగిపోతుంది. క్లియర్ ఒకసారి పోయిందంటే తిరిగి రాదు.

పాతబండి:
మెరుగు గారి వరుసతో నాకు పేచీ లేదు. అయితే చదును చేయడమనే మాట దగ్గర నా అభ్యంతరాన్ని నమోదు చేయదలచుకున్నాను. పద్దెనిమిదేళ్ళుగా ఒకే కారును నడుపుతున్నాను, దాని బానెట్ మీద నా చేత్తో పెట్టిన బొట్లు వందకు పైగా ఉన్నాయి. ఒక్కదాన్ని కూడా రుద్దలేదు. దగ్గరికి వంగి చూస్తే కనిపిస్తాయి, రెండడుగులు వెనక్కు వేస్తే కనిపించవు, తుప్పు మాత్రం ఎక్కడా లేదు. ఆవగింజంత పెచ్చును కనిపించకుండా చేయాలన్న ఆరాటంతో దాని చుట్టూ చక్కగా ఉన్న ఫ్యాక్టరీ క్లియర్‌ను రుద్ది పల్చన చేయడం నాకు మంచి బేరంగా తోచదు. రేకుకు గాలి, నీరు తగలకుండా మూయడమే అసలు పని. కొత్తగా ఈ పనికి దిగినవారు మొదట దాన్ని సాధిస్తే చాలు.

నీలికారు:
అందరికీ కృతజ్ఞతలు. డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద రంగు కోడ్ దొరికింది, దాని ప్రకారం టచప్ సీసా, క్లియర్ సీసా తెప్పించాను. అట్ట ముక్క మీద ఒక గీత గీసి చూస్తే కారు రంగు కంటే కొంచెం ముదురుగా కనిపిస్తోంది. కోడ్ తప్పా, లేక సీసాలోని రంగే తప్పా? మూతకు ఉన్న కుంచె కూడా నా పెచ్చుల కంటే పెద్దదిగా ఉంది. రంగు పెట్టే పద్ధతిని కాస్త వివరంగా చెప్పగలరా?

రంగులపని:
కోడ్ తప్పు కాకపోవచ్చు. మెటాలిక్ రంగులో సన్నని అల్యూమినియం రేకులు ఉంటాయి. స్ప్రే గన్‌తో కొట్టినప్పుడు అవి ఉపరితలానికి సమాంతరంగా పడుకుని వెలుతురును మన వైపు తిప్పుతాయి. కుంచెతో పెట్టినప్పుడు ఇష్టం వచ్చినట్టు నిలబడతాయి కాబట్టి ఎదురుగా చూస్తే ముదురుగా, పక్క నుండి చూస్తే లేతగా కనిపిస్తాయి. పైగా మీరు అట్ట మీద క్లియర్ వేయకుండా చూశారు. ఒక పాత రేకు ముక్క మీద ప్రైమర్, రంగు, క్లియర్ మూడూ వేసి, ఆరాక కారు పక్కన పెట్టి పగటి వెలుతురులో పోల్చండి. సీసాను మాత్రం రెండు మూడు నిమిషాలకు తక్కువ కాకుండా ఊపండి, లోపలి గోళీ చప్పుడు స్వేచ్ఛగా వినిపించాలి. అడుగున పేరుకున్న రేకులు కలవకపోతే రంగు ఎప్పటికీ కుదరదు.

ఇక పద్ధతి. కారు నీడలో ఉండాలి, బానెట్ తాకితే చల్లగా ఉండాలి. గాలిలో తేమ మరీ ఎక్కువగా ఉన్న రోజున ఈ పని పెట్టుకోకండి, థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి తేమను పట్టుకుంటుంది, రంగు పాలిపోయినట్టు మసకబారుతుంది. పెచ్చు లోపల పాత మైనం, పాలిష్ నూనె లేకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. సిలికాన్ ఉన్న ద్రవాలు వాడిన కారైతే ఇంకా జాగ్రత్తగా తుడవాలి, సిలికాన్ అంటుకున్న చోట రంగు చేపకన్నులా విచ్చుకుపోయి మధ్యలో గుంట మిగులుతుంది. అంచున ఇంకా ఊగుతున్న రంగు పెచ్చు ఉంటే సూదిమొనతో లేపేయండి. దాన్ని అలాగే ఉంచి పైన రంగు పెడితే అది ఊడిన రోజున మీ రంగునూ తనతో తీసుకుపోతుంది.

తుప్పు పట్టిన రెండింటిలో సూదిమొనతో గాని, గాజుపీచు పెన్నుతో గాని రేకు మెరిసేదాకా గీకండి. సన్నని రంధ్రాల్లో ఇంకా నల్లగా మిగిలితే తుప్పును మార్చే ద్రవం ఒక్క చుక్క పుల్లతో పెట్టి, సీసా మీద చెప్పినంతసేపు ఉంచి, మిగిలినదాన్ని తుడిచేయండి. గీకిన చోటును ఆ రాత్రికి అలా వదిలేయకూడదు. తేమ గాలిలో మెరిసే రేకు మరునాటికే మళ్ళీ ఎర్రబడుతుంది, కాబట్టి అదే పూట ప్రైమర్ పెట్టాలి. ప్రైమర్ గుంట అడుగును కప్పేటంత చాలు, అంచు దాటకూడదు.

రంగు పెట్టడానికి మూత కుంచెను వదిలేసి బొమ్మలు గీసేవారి అతి సన్నని కుంచెను గాని, టూత్‌పిక్ మొనను గాని వాడండి. మొన మీద చిన్న బొట్టు తీసుకుని గుంట మధ్యలో తాకించి వదిలేస్తే అది తనంతట అంచుల దాకా పాకుతుంది. గీసినట్టు పూయవద్దు. ఈ రంగుల్లో థిన్నర్ పాలు ఎక్కువ కాబట్టి నిండుగా కనిపించిన బొట్టు ఆరేసరికి బాగా కుంగుతుంది. అందుకని పల్చని పొరలుగా, ఒకటి ఆరాక మరొకటి పెట్టుకుంటూ రండి. బేస్ కోట్ చుట్టూ ఉన్న ఉపరితలం కంటే కొంచెం కిందనే ఆగాలి, మిగిలిన లోతును క్లియర్ నింపాలి. క్లియర్ మాత్రం కుంగాక కూడా పిసరంత పైకి ఉబికి ఉండేలా చూసుకోండి.

ఎర్రబండి:
రంగులపని గారి వివరణ చదివాక, నాకు జరిగిన నష్టం ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను. నిరుడు ఇరవైకి పైగా పెచ్చులకు రెండు రోజులపాటు ఓపికగా రంగు పెట్టాను. మూడో రోజున పాలిష్ చేశాను. కోటింగ్ వేసే ముందు నూనె తీయడానికి వాడే ద్రవంతో బానెట్ తుడుస్తుంటే తెల్లని గుడ్డ ఎర్రగా మారింది. చూస్తే నేను పెట్టిన బొట్లలో సగానికి పైగా కరిగి గుడ్డకు అంటుకున్నాయి. కోటింగ్‌కు ఏర్పాట్లన్నీ అయిపోయాయన్న తొందరలో అలాగే వేసేశాను. ఇప్పుడు ఆ గుంటలు అలాగే ఉన్నాయి, వాటి అంచుల మీద కోటింగ్ కూడా ఉంది. నేను చేసిన తప్పు ఎక్కడుందో ఈనాటికీ నాకు పూర్తిగా తెలియదు.

మెరుగు:
ఎర్రబండి గారూ, మీ అనుభవం ఈ చర్చకు ఎంతో అవసరమైనది. ఫ్యాక్టరీ క్లియర్ రసాయన చర్యతో గట్టిపడినది, కాసేపు తగిలిన ఆల్కహాల్ దాన్ని ఏమీ చేయలేదు. సీసా టచప్ రంగుల్లో చాలావరకు థిన్నర్ ఆవిరై ఆరేవి మాత్రమే. థిన్నర్ ఎగిరిపోవడం వల్ల గట్టిపడినదానికి మళ్ళీ బలమైన ద్రావకం తగిలితే అది మెత్తబడుతుంది. మూడో రోజుకు పైన పొర కట్టినా లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. అందువల్ల మీ బొట్లు నూనెతో పాటే గుడ్డలోకి వచ్చేశాయి.

దీనికి విరుగుడు ఆరబెట్టే కాలం పెంచడమే. చదును చేయడానికి ముందు కనీసం వారం రోజులు, కోటింగ్‌కు ముందు వీలైతే మూడు నాలుగు వారాలు ఇవ్వమని నా దగ్గరకు వచ్చేవారికి చెబుతాను. మొత్తం భాగాన్ని కొత్తగా పెయింట్ చేయించినప్పుడు మైనం పూయడానికి 30 నుండి 60 రోజులు ఆగమని సాధారణంగా చెప్పడం వెనుక ఉన్నదీ ఈ కారణమే, లోపల మిగిలిన ద్రావకం బయటకు పోవడానికి దారి ఉండాలి. అన్ని రోజులు ఆరాక కూడా తుడిచే ద్రవాన్ని బొట్టు మీద నేరుగా చల్లకుండా, గుడ్డకు పట్టించి, బొట్టు మీద ఒక్కసారి తేలికగా పోనివ్వాలి.

హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే రెండు భాగాల క్లియర్ వాడితే ఈ కరిగిపోయే సమస్య ఉండదు, త్వరగా గట్టిపడుతుంది కూడా. కాని ఆ హార్డెనర్లలో ఉండే ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, ఒకసారి శరీరానికి పడకుండా పోతే కొద్దిపాటి ఆవిరికే ఉబ్బసం వచ్చే అవకాశం ఉంది. స్ప్రే డబ్బా రూపంలో ఉన్నదాన్ని తగిన మాస్కు లేకుండా ఇంట్లో ఎవరూ కొట్టకండి. ఇది మర్యాద కోసం రాసిన హెచ్చరిక కాదు, ఈ జబ్బుతో వృత్తినే వదులుకున్నవారిని నేను చూశాను.

పాతబండి:
చదును చేయడం గురించి నా మాటకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. మెషీన్ పాలిష్ చేయదలచిన కారు మీద ఉబికిన బొట్లను అలాగే వదిలేస్తే ప్యాడ్ వాటిని పీకేయదా అన్న సందేహం నాకే వచ్చింది. నా కారును నేను ఎప్పుడూ చేత్తోనే పాలిష్ చేశాను కాబట్టి ఈ ఇబ్బంది ఎదురు కాలేదు.

రంగులపని:
పాతబండి గారూ, మీ సందేహం న్యాయమైనది. బాగా ఉబికిన బొట్టు అంచును ప్యాడ్ పట్టుకుని లేపే ప్రమాదం నిజంగానే ఉంది. అందుకే నా పద్ధతిలో పెద్దవాటిని మాత్రమే చదును చేస్తాను, ఆవగింజంతవాటిని ఉబ్బు లేకుండా జాగ్రత్తగా నింపి వదిలేస్తాను. మీరు క్లియర్ గురించి చెప్పిన భయం కూడా సరైనదే. 2000 నంబరు వాటర్ పేపర్ రేణువు సుమారు 10 మైక్రాన్లు ఉంటుంది, క్లియర్ మొత్తం 40 అనుకుంటే ఎన్ని పొరపాట్లకు చోటుందో ఎవరికివారు లెక్క వేసుకోవచ్చు.

పెన్సిలు చివర ఉండే రబ్బరుకు 2500 నంబరు వాటర్ పేపర్‌ను గుండ్రంగా కత్తిరించి అంటించండి, సబ్బునీళ్ళలో నానబెట్టి వాడండి. వేలితో రుద్దితే వేలు బొట్టు చుట్టూ వంగి చుట్టుపక్కల క్లియర్‌ను తినేస్తుంది. బొట్టుకు రెండు వైపులా మాస్కింగ్ టేప్ వేస్తే పేపర్ ముందు బొట్టు శిఖరాన్నే తాకుతుంది. నాలుగైదు సార్లు రుద్ది, తుడిచి, ఏటవాలుగా టార్చి వేసి చూడండి. బొట్టు మొత్తం మసకబారి చుట్టూ సన్నని మెరిసే వలయం మిగిలితే అక్కడితో ఆపాలి. టేప్ తీసి 3000 నంబరుతో కాసేపు రుద్దితే పాలిష్‌కు సిద్ధం. బానెట్ అంచులు, మడతల గీతల మీద మాత్రం పేపర్ పెట్టకండి. ఆ వంపుల మీద పొర ఎప్పుడూ పల్చగానే ఉంటుంది, అక్కడి పెచ్చులను పాతబండి గారి పద్ధతిలో పూడ్చి వదిలేయడమే మేలు.

తెల్లరంగు:
మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు మన్నించండి. ప్లాస్టిక్ బంపర్ మీది పెచ్చులకు కూడా ఇదే వరుసా? కోటింగ్‌కు బదులు పారదర్శక రక్షణ ఫిల్మ్ అంటించే ఆలోచన ఉన్నవారు పెచ్చులను వదిలేయవచ్చా?

మెరుగు:
ప్లాస్టిక్‌కు తుప్పు భయం లేదు కాబట్టి తొందర అక్కరలేదు, కాని ప్లాస్టిక్ బయటపడినచోట మామూలు ప్రైమర్ పట్టు నిలవదు, ప్లాస్టిక్‌కు పట్టునిచ్చే ప్రత్యేక ప్రైమర్ పెట్టాలి. పెయింట్ మందం కొలిచే మామూలు మీటర్ లోహం మీద మాత్రమే పనిచేస్తుంది, బంపర్ మీద ఎంత పొర మిగిలిందో అది చెప్పదు, కనుక అక్కడ చదును చేసే పనిలో ఇంకా వెనుకాడండి. ఫిల్మ్ విషయానికి వస్తే, పెచ్చును అది దాచదు, అద్దం కింద పెట్టినట్టు చూపిస్తుంది, కొన్నిచోట్ల గాలి బుడగ కూడా నిలుస్తుంది. పూడ్చి, చదును చేసి, బాగా ఆరాకే అంటించాలి. పచ్చి బొట్టు మీద అంటించిన ఫిల్మ్‌ను ఏదో ఒక రోజు తీయవలసి వస్తే దాని జిగురు బొట్టునూ లేపుకుపోతుంది.

నీలికారు:
ఆరు వారాల తరువాత మళ్ళీ రాస్తున్నాను. తుప్పు ఉన్న రెండింటినీ మీరు చెప్పిన రోజే గీకి ప్రైమర్ పెట్టాను. రంగులపని గారు అన్నట్టే ఒకటి లోపల రెండింతలు పాకి ఉంది, గీకాక అది శనగగింజంత అయింది, చూసి మనసు కలుక్కుమంది. మిగిలినవాటికి నాలుగు రోజులు వరుసగా సాయంత్రాల్లో రంగు పెట్టాను. మొదటి రోజు పెట్టినవి అట్టముక్క మీద సాధన చేయకముందువి కాబట్టి ఉబ్బిపోయాయి, వాటిలో ఐదింటిని థిన్నర్ తగిలించిన గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టాను. ఎర్రబండి గారికి నష్టం చేసిన గుణమే నాకు అక్కడ ఉపకారం చేసింది.

పది రోజులు ఆగి పెద్దవాటిలో రెండింటినీ, ఉబికిన మరో ఆరింటినీ చదును చేశాను. మూడో పెద్దది బానెట్ అంచు మడత మీద ఉంది, దాన్ని తాకలేదు. తరువాత మరో మూడు వారాలు ఆగాను. పాలిష్ చేసేటప్పుడు మెత్తని ప్యాడ్‌తో, తక్కువ వేగంతో మొదలుపెట్టాను, ఒక్క బొట్టూ లేవలేదు. తుడిచే ద్రవంతో తుడిచాక గుడ్డ మీద నీలం మరక కనిపించలేదు, ఆ నిమిషంలో కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను. కోటింగ్ వేసేటప్పుడు వదిలేసిన బొట్ల అంచున ద్రవం పేరుకుంటున్నట్టు గమనించి, అది గట్టిపడక ముందే మైక్రోఫైబర్ గుడ్డ మూలతో ఒక్కొక్కదాన్ని తుడిచాను. నిలబడి చూస్తే 37లో నాలుగు కనిపిస్తున్నాయి, మిగిలినవాటిని నాకు చోటు తెలుసు కాబట్టే కనుగొనగలుగుతున్నాను.

ఒక్క ప్రశ్న మిగిలింది. కోటింగ్ వేసిన మరుసటి వారమే కొత్తగా ఒక రాయి తగిలి మరో పెచ్చు లేచింది, అడుగున బూడిదరంగు కనిపిస్తోంది. కోటింగ్ మీద ఏదీ అంటదంటారు కదా, దీనికి రంగు పెట్టడం ఎలా? ఎర్రబండి గారి గుంటలకు కూడా ఇదే మార్గం ఉపయోగపడుతుందేమో.

రంగులపని:
చాలా ఓపికగా చేశారు నీలికారు గారూ. కొత్త పెచ్చు లోపల కోటింగ్ లేదు, రాయి దాన్ని రంగుతో పాటే తీసుకుపోయింది. గుంట వరకే నిండేలా, అంచు మీదికి పొంగకుండా రంగు పెడితే చక్కగా అంటుతుంది, బయటికి పొంగినది ఆరాక గోటితో తీస్తే వచ్చేస్తుంది. ఎర్రబండి గారి సంగతి వేరు. ఆయన గుంటల్లోకి కోటింగ్ దిగి ఉంటుంది, కాబట్టి సూదిమొనకు సన్నని వాటర్ పేపర్ ముక్క చుట్టి గుంట అడుగును, గోడలను మెల్లగా గరుకు చేసి, ఆల్కహాల్‌తో తుడిచి, అప్పుడు రంగు మొదలుపెట్టాలి. చదును చేయవలసి వస్తే ఆ వెడల్పు మేర కోటింగ్ పోతుంది, రంగు పూర్తిగా ఆరాక అక్కడికి మాత్రం మళ్ళీ వేసుకోవచ్చు. మీ టచప్ సీసా అంచును తుడిచి మూత గట్టిగా బిగించి, నీడ ఉన్న చోట నిలబెట్టి దాచండి.

ఎర్రబండి:
ఇంత స్పష్టంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. మొదట ఒక్క గుంటను గరుకు చేసి, రంగు పెట్టి, నాలుగు వారాలు ఆగి చూస్తాను. అది నిలిస్తే మిగిలినవి మొదలుపెడతాను, ఫలితం ఇక్కడే రాస్తాను.